డాబా మీద లేని ఎనిమిది ప్యానెళ్లు

ఆమె కుర్చీ అంచున కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. చేతిలోని నోటీసు నలిగి నలిగి గుడ్డపీలికలా మెత్తబడింది.

"రేపు పదకొండింటికి తనిఖీకి వస్తారండీ. డాబా మీద ఎనిమిది సోలార్ ప్యానెళ్లు చూపించాలట. లేకపోతే రాయితీ కోసం మోసం చేశానని నా మీద కేసు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి బతుకుతున్నా. కేసున్నదాని చేత ఏ బడి కుట్టిస్తుందండీ?"

బల్ల అవతల ఉన్న డిటెక్టివ్‌ని అందరూ మీటరమ్మ అంటారు. ఇరవై ఏళ్లు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదివి, ఆ పని మానేసి ఈ పనిలోకి వచ్చిన మనిషి. పక్కనే నోటుబుక్కు పట్టుకున్న సహాయకుడు రిటైరైన టైపిస్టు. మీటరమ్మ తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని ఆయన నమ్మకం.

"ప్యానెళ్లు ఏమయ్యాయి?" అంది మీటరమ్మ.

"నేను కళ్లతో చూస్తే కదండీ! చెల్లెలి పురుడికి వెళ్లి నాలుగు రోజులకి వచ్చా. ప్యానెళ్లు బిగించారట, అధికారి చూసి వెళ్లాడట, వెంటనే దొంగలు ఎత్తుకుపోయారట. అంతా మా మరిది చెప్పిందే. నా పేరున దరఖాస్తు అతనే పెట్టాడు. నా బ్యాంకు కార్డు కూడా అతని దగ్గరే ఉంటుంది."

"ఇక్కడికి వస్తున్నట్టు చెప్పారా?"

"వద్దన్నాడు. గెలికితే కంపే అన్నాడు."

నోటీసుకి ఒక ఫొటో జతచేసి ఉంది. బిగించిన రోజున తీసింది. నీళ్ల ట్యాంకు ముందు ఎనిమిది ప్యానెళ్లు నిలువుగా వరసలో ఉన్నాయి. ప్రతిదానికీ ఎడమ అంచున వేలెడు మందం మట్టిరంగు గీత. ఫొటోకి మరక అంటిందేమోనని టైపిస్టు గారు రుమాలుతో తుడిచారు. పోలేదు. మీటరమ్మ ఫొటోని సంచిలో పెట్టుకుంది.

టైలరమ్మ ఇంటి వసారాలో అత్తగారు గుండీలు రంగురంగులుగా ఏరుతోంది. "ఎండ ఊరికే వస్తుందనుకున్నానమ్మా. ఇంత ఖరీదని తెలీదు" అంది తల ఎత్తకుండానే.

డాబా మీద గాలి విసురుగా ఉంది. మీటరమ్మ నడుం వంచి స్లాబంతా వెతికింది. బోల్టుల కోసం తొలిచిన రంధ్రం ఒక్కటీ లేదు. ఇటుకలు పెట్టిన గుర్తులు మాత్రం ఉన్నాయి. పిట్టగోడ అవతల మరిది లాండ్రీ డాబా. దాని మీదా ఎనిమిది ప్యానెళ్లు, పొడవాటి అంచు కిందికి వచ్చేలా అడ్డంగా వాల్చి ఉన్నాయి.

అంతలో మరిది మెట్లెక్కి వచ్చాడు. "ఏంటమ్మా, మీటర్లు డాబాల మీద పెడుతున్నారా ఇప్పుడు?"

"మీవి ఎప్పుడు పెట్టించారు?"

"రెండేళ్లయింది. సెకండ్ హ్యాండువి. పాతవాటికి రాయితీ ఇవ్వరుగా, నా ఖర్మ."

"కడుగుతుంటారా?"

"నేను స్నానం చేయడానికే తీరిక లేదు. వానే కడుగుతుంది."

బిగించిన మేస్త్రి తన షాపులో దొరికాడు.

"స్లాబుకి రంధ్రాలు ఎందుకు వేయలేదు?" అంది మీటరమ్మ.

"ఇంటావిడే వద్దన్నారు, వానకి కారుతుందని."

"ఆవిడ ఊళ్లో లేదుగా?"

మేస్త్రి చేతిలోని పానా కింద పడింది. "ఫోన్లో అన్నారు."

ఆ సాయంత్రం టైపిస్టు గారికి కాలు ఒకచోట నిలవలేదు. "మేస్త్రే కదా మేడమ్?"

"సగం" అంది మీటరమ్మ.

మర్నాడు పదకొండింటికి అందరూ డాబా మీదే ఉన్నారు. తనిఖీ అధికారి ఫైలు తెరిచాడు. టైలరమ్మ చీర కొంగుని వేలికి చుడుతోంది, విప్పుతోంది.

"మేస్త్రి గారూ, ప్యానెల్ మీద వాన పడితే దుమ్ము ఎటు పోతుంది?" అంది మీటరమ్మ.

"కిందికే."

"కడగకపోతే కింది అంచున పేరుకుని గీత కడుతుంది. అందుకు నెలలు పడుతుంది. ఈ ఫొటో బిగించిన రోజుది. కొత్త ప్యానెళ్లకి గీత ఎలా వచ్చింది? అదీ కింద కాదు, ఎడమ పక్కన. అంటే ఇవి ఇంకెక్కడో చాలాకాలం అడ్డంగా పడుకున్నాయి, అప్పుడు ఈ ఎడమ అంచే కింద ఉంది. ఫొటో కోసం ఇక్కడికొచ్చి నిలబడ్డాయి."

అందరి తలలూ లాండ్రీ డాబా వైపు తిరిగాయి.

"గీతలు ఎవరి ప్యానెళ్లకైనా ఉంటాయి!" అన్నాడు మరిది.

"ఉంటాయి. వెనకాల నంబర్లు మాత్రం దేనివి దానివే. సార్, మీ ఫైల్లోని బిల్లు మీద ఎనిమిది నంబర్లున్నాయి. ఆరోజు మీరు మెట్ల దగ్గర నిలబడి లెక్కపెట్టి వెళ్లిపోయి ఉంటారు. ఇవాళ ఆ గోడ దాటండి."

అధికారి చెమట తుడుచుకుని గోడ దాటాడు. ఒక్కో నంబరూ పైకి చదివాడు. మూడోదానికే ఆయన గొంతు తగ్గిపోయింది. చివరికి, "ఎనిమిదీ ఇవే" అన్నాడు.

"పాతవాటికి రాయితీ రాదు. అందుకని కొత్తవి కొన్నట్టు వదిన పేరున మేస్త్రి దొంగ బిల్లు రాశాడు. మరిది తన ప్యానెళ్లు ఇచ్చాడు, తనిఖీలో సరిచూస్తారేమోనని వాటి నంబర్లే బిల్లులో వేశారు. మళ్లీ మోసుకెళ్లాలి కాబట్టి బోల్టులు వేయకుండా ఇటుకలతో సరిపెట్టారు. సార్ వెళ్లగానే గోడ దాటించేశారు. కార్డు చేతిలో ఉంది, డబ్బు తీసుకున్నారు. రెండో తనిఖీ ఒకటుంటుందని మాత్రం ఇద్దరికీ తెలీదు."

టైపిస్టు గారు రాయడం మరిచిపోయి ఆవిడనే చూస్తుండిపోయారు.

"మీకేం కాదని మేస్త్రి ఒట్టేశాడు వదినా" అన్నాడు మరిది. "అన్నయ్య పోయాక మీకు నేను చేసిందంతా..."

"చేశావు" అందామె. "కాదనను."

అధికారి గొంతు సవరించుకున్నాడు. "మీ మీద కేసు లేకుండా పోవాలంటే, అమ్మా, ఇతని మీద ఫిర్యాదు మీరే ఇవ్వాలి."

అత్తగారు కోడలి మోచేయి పట్టుకుంది. "వాడు నా కడుపున పుట్టాడే. ఇంటి గుట్టు రచ్చకెక్కుతుంది. పరువు పడిపోతుంది."

కొంగు చుడుతున్న వేళ్లు ఆగాయి.

"పరువు పడితే అందరం కలిసి లేపుకోవచ్చు అత్తయ్యా. నేను పడితే ఎవరు లేపుతారు?" అని, అధికారి వైపు తిరిగింది. "రాసుకోండి సార్."

అధికారి రాయసాగాడు. ఎండ నడినెత్తికి వస్తోంది. ట్యాంకు పక్కన ఒక్క మనిషికి సరిపడా నీడ ఉంది. అందులో నిలబడ్డ అత్తగారు కొడుకు వంక చూడకుండా పక్కకి జరిగి, కోడలికి చోటిచ్చింది.