రెండు నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లు

రెండో శనివారం. పొద్దున ఏడు గంటలకు నవోమి డైనింగ్ టేబుల్ చుట్టూ తిరుగుతోంది. షుగర్ ఉందని తేలాక రోజుకు అరగంట నడవమన్నాడు డాక్టరు. ఎక్కడ నడవాలో చెప్పలేదు కాబట్టి ఆవిడ ఇంట్లోనే నడుస్తుంది. మధ్యలో వంటింట్లోకి వెళ్ళి దోశ తిరగేసి వస్తుంది. ఆ అడుగులు కూడా అరగంటలోకే వస్తాయి.

"అమ్మా, పోయిన వారంలో గుండె గట్టిగా కొట్టుకునేంత పని ఎన్ని రోజులు చేసినావు?" లాప్‌టాప్ ముందు కూర్చున్న కూతురు అబిగయీలు అడిగింది.

"నువ్వు ఫోనెత్తని రోజులన్నీ రాసుకోమే."

అబిగయీలు పకపకా నవ్వింది. చిన్నప్పటి నుంచి ఆమెకు ప్రశ్నల పిచ్చి. ఆ పిచ్చికి తగ్గ ఉద్యోగమే దొరికింది. జనం ఒళ్ళు కదల్చాలని ప్రభుత్వం పెట్టే పథకాలు నిజంగా ఎవరినైనా కదిలిస్తున్నాయా అని తేల్చే సంస్థ అది, తిరుపతిలో ఉంది. వారం రోజులుగా ఆమె కోట మండలంలోని ఊళ్ళన్నీ తిరుగుతోంది. వ్యాయామం చేసుకోమని ఒక ఊళ్ళో పాతిన ఇనప యంత్రాల మీద ఎవరో వల ఆరేశారు. ఇంకొకరైతే ఫొటో తీసుకుని పోయేవారు. అబిగయీలు ఆ వల ఆరేసిన ఆవిడను వెతికి పట్టుకుని, పొద్దుటి నుంచి ఎన్ని గంపలు మోశావక్కా అని అడిగి, అది కూడా రాసుకుని వచ్చింది.

ఇప్పుడు బడుల వంతు. ప్రతి బడిలో రోజూ ఆటల పిరియడ్ ఉండాలి. ఏడాదికోసారి పిల్లలందరి చేత పరుగు తీయించి, ఆ టైము ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. వినడానికి చక్కగానే ఉంది. ఎంతవరకు జరుగుతోందో చూడటానికి లాటరీ తీసి పన్నెండు బడులు ఎంచారు. వాటిలో ఈ ఊరి హైస్కూలూ ఒకటి. అక్కడి ఆటల మాస్టరు, పీఈటీ హెబ్రోను, అబిగయీలు తండ్రే. ఆ సంగతి ఆమె తన పై అధికారి మాథ్యూకు ముందే చెప్పేసింది. సోమవారం నేను కూడా వస్తాను, ఈలోపు రికార్డులు చదివి ఉంచు అన్నాడాయన.

అందుకే చదువుతోంది. మగపిల్లల టైములు ఒక ఏడు పెరిగాయి, ఒక ఏడు తగ్గాయి. ఆడపిల్లల పేజీ దగ్గర ఆమె చెయ్యి ఆగింది. తొమ్మిదో తరగతి, ఆరువందల మీటర్ల పరుగు. ఆరేళ్ళలో ఆరుగురు వేరువేరు అమ్మాయిలు మొదటొచ్చారు. ఆరుగురి టైమూ ఒక్కటే. రెండు నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లు.

ఆ అంకె ఆమెకు బాగా తెలుసు. పద్నాలుగేళ్ళ కిందట తొమ్మిదో తరగతిలో ఆమె పరిగెత్తిన టైము అది. ఆ రోజు నాన్న స్టాప్‌వాచ్ పైకెత్తి, గ్రౌండంతా వినపడేలా అరిచి చెప్పాడు.

సరిగ్గా అప్పుడే హెబ్రోను రొయ్యల కవరుతో లోపలికొచ్చాడు.

"నాన్నా, మీ బడిలో ఆడపిల్లలు ఆఖరుసారి ఎప్పుడు పరిగెత్తినారు?"

"ఏందిమే, పొద్దున్నే తనిఖీ? రికార్డులో ఉంది గదా."

"రికార్డులో ఆరేళ్ళూ నేనే పరిగెత్తినట్టుంది."

హెబ్రోను కవరు టేబుల్ మీద పెట్టాడు. నవోమి నడక ఆపేసింది. దోశ మాడుతున్న వాసన వస్తున్నా ముగ్గురిలో ఒక్కరూ కదల్లేదు.

"ఆ బడి వదిలెయ్‌మే," అన్నాడాయన చివరికి. "లాటరీ ఇంకోసారి తీసుకోండి. మూడు నెలల్లో రిటైరవుతుండా. ముప్పై రెండేళ్ళ సర్వీసు నాది."

"ఎట్టా వదిలేది? మగపిల్లల లెక్కలన్నీ నిజమైనవే. హెచ్చుతగ్గులు కూడా నిజమైనవే, చూస్తే తెలిసిపోతా ఉంది. ఆడపిల్లలవి మాత్రం ఎందుకిట్టా? నాకు తెలియాల."

"తెలుసుకుని ఏం చేస్తావు? నీకు పరిగెత్తడం నేర్పిన తండ్రిని దొంగ అని రాస్తావా?"

"నేర్పింది నువ్వే, ఆపింది కూడా నువ్వే గదా!"

ఆ మాట అంత గట్టిగా వస్తుందని అబిగయీలు కూడా అనుకోలేదు. పదో తరగతి మొదలైన రోజు ఆయన ఆమె బూట్లు తీసి అటక మీద పెట్టాడు. పరీక్షలయ్యాక పరిగెత్తుదువులే అన్నాడు. పరీక్షలయ్యాయి, ఇంటరయింది, డిగ్రీ అయింది. బూట్ల మాట ఎవరూ ఎత్తలేదు. తనకు ఆ బాధ ఎప్పుడో పోయిందనే అనుకుందామె.

"చెప్పండి," అంది నవోమి మెల్లగా. "పోలేరయ్య అన్న మాట దానికి చెప్పండి. ఎన్నాళ్ళు లోపలే పెట్టుకుంటారు?"

పోలేరయ్య ఊరి పక్క జాలర్ల పాళెంలో చేపలు పట్టే మనిషి. అబిగయీలుతో పాటు పరిగెత్తిన అంకాలమ్మకు తండ్రి. హెబ్రోను కుర్చీలో కూలబడ్డాడు.

"నిన్ను మాన్పించిన ఏడు అంకాలమ్మను జిల్లా పోటీలకు పంపాలనుకున్నా. పాళెం పోయి, పంపించు పోలేరయ్యా అన్నా. 'సారూ, నీ బిడ్డ నీడన కూర్చుని చదువుకోవాల, నా బిడ్డ ఎండలో పరిగెత్తాల్నా? ముందు నీ బిడ్డను తీసుకురా, దాని ఎనకాలే నా బిడ్డ వస్తాది' అన్నాడు. తిరిగొచ్చేసినానుమే."

"తర్వాత?"

"ఆ మాట పాళెమంతా పాకిపోయింది. మరుసటేడుకు ఆడపిల్లలు ఒక్కరు కూడా రాలా. పిలిచే మొహం నాకూ లేకపోయింది. వాళ్ళ ఆటల పిరియడ్ లెక్కల అయ్యవారికి ఇచ్చేసినా. ఆయన సంతోషపడినాడు, హెడ్మాస్టరు సంతోషపడినాడు. ఆరేళ్ళ కింద ఈ ఆన్‌లైన్ వచ్చి పడింది. ఖాళీగా పెడితే ఒప్పుకోదు. పాత రిజిస్టరు తీసి, నీ టైము పైన పెట్టుకుని, కిందికి రాసుకుంటా పోయినా."

కోపంలో కూడా అబిగయీలు ప్రశ్న అడక్కుండా ఉండలేకపోయింది. "ఒక్క ఏడన్నా, ఒక్క పిల్లకన్నా, నాకంటే ఒక సెకను తక్కువ వేసుంటే ఎవురికీ అనుమానం వచ్చేది కాదు. అదెందుకు చేయలా?"

హెబ్రోను రొయ్యల కవరును పక్కకు జరిపాడు.

"చెయ్యి రాలేదుమే," అన్నాడు.

అబిగయీలుకు దుఃఖం పొంగుకొచ్చింది. తప్పుడు రికార్డు మీద కోపం ఎక్కడికీ పోలేదు. కానీ ఇన్నేళ్ళూ నాన్న తన పరుగును మర్చిపోయాడనుకుంది. ఆయన ఏటేటా దాన్ని దొంగతనంగానైనా మొదటి వరసలో నిలబెడుతూ వచ్చాడు. ఆమె లేచి వెళ్ళి ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. ఆయన ఆమె జుట్టు నిమురుతూ కూర్చున్నాడు.

"మీ మాథ్యూ సారును రమ్మను. రాసిందంతా అబద్ధమని నేనే కాగితం రాసిస్తా," అన్నాడు కొంతసేపటికి.

"మెమో ఇస్తారేమోనండీ. పెన్షను ఆగితే?" అంది నవోమి.

"ఆగితే ఆగనీ. ముందు పాళెం పోవాల. అబీ, నువ్వు నాతో రా. నీ బిడ్డను తీసుకురా అన్నాడు గదా."

నవోమి స్టవ్ ఆపి, చెప్పులేసుకుని ముందే గేటు దగ్గర నిలబడింది. "మైలున్నరే గదా. నేనూ నడిచొస్తా," అంది. తండ్రీ కూతుళ్ళిద్దరూ ఆశ్చర్యంగా చూశారు. డాక్టరు చెప్పి రెండేళ్ళయినా ఆవిడ నడక కోసం గేటు దాటడం అదే మొదలు.

పోలేరయ్య ఇంటి ముందు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. బాగా ముసలివాడైపోయాడు. కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని అబిగయీలును ఎగాదిగా చూశాడు.

"ఇన్నాళ్ళకు తీసుకొచ్చినావా సారూ?"

"తప్పు నాదే పోలేరయ్యా. ఆ రోజు నువ్వు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. సోమవారం ఆడపిల్లల్ని గ్రౌండుకు పంపించమని అడగడానికి వచ్చినా."

"ఈ యమ్మ పరిగెత్తుద్దా?"

అబిగయీలు తండ్రి వైపు చూసింది. ఆయన ఆమెను అడగలేదు, వద్దనీ అనలేదు.

"పరిగెత్తుతా," అంది.

"అయితే నా మనవరాలు, మా పెద్దోడి కూతురు కూడా వస్తాది." తలుపు చాటున నిలబడిన ఆ మనవరాలు రోజా కిసుక్కున నవ్వింది. ఆ పిల్ల తొమ్మిదో తరగతి.

సోమవారం హెబ్రోను తన కాగితం మాథ్యూ చేతికిచ్చాడు, ఒక నకలు హెడ్మాస్టరుకిచ్చాడు. మాథ్యూ రెండుసార్లు చదువుకుని, మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు. ఇది పైకి పంపక తప్పదండీ అన్నాడు. పంపండి సార్ అన్నాడు హెబ్రోను. అక్కణ్ణుంచి అందరూ గ్రౌండులోకి వచ్చారు. పోలేరయ్య మాట మీద వచ్చిన ఇరవై ముగ్గురు ఆడపిల్లలు గుంపుగా నిలబడి ఒకరినొకరు తోసుకుంటున్నారు. అబిగయీలు చెప్పులు విప్పి, చున్నీ నడుముకు బిగించి, వాళ్ళ పక్కన నిలబడింది. హెబ్రోను ఈల వేశాడు.

మూడు రౌండ్లు. మొదటి రౌండుకే అబిగయీలు ఊపిరి అయిపోయింది. రెండో రౌండులో రోజా ఆమెను దాటి వెళ్ళిపోయింది. సగం మంది పిల్లలు పరుగు మానేసి నడిచారు. ఇద్దరైతే నవ్వాపుకోలేక మధ్యలోనే కూలబడ్డారు. రికార్డుల్లో ఉన్నదానికీ కళ్ళ ముందు జరుగుతున్నదానికీ పోలికే లేదు. మాథ్యూ మాత్రం నోటుబుక్కులో తల ఎత్తకుండా రాసుకుంటున్నాడు.

హెబ్రోను కొత్త రిజిస్టరు మోకాలి మీద పెట్టుకుని, మొదటి వరసలో రోజా పేరు రాశాడు. మూడు నిమిషాల తొమ్మిది సెకన్లు. చాలా కిందికి పోయి, అబిగయీలు, మూడు నిమిషాల నలభై ఒకటి అని రాశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నీ ముందు ఇంకో పిల్లను రాసినానుమే," అన్నాడు.

"సరిగ్గా రాసినావు నాన్నా," అంది అబిగయీలు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆయాసపడుతూనే. ఆమె కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు.

రోజా రొప్పుతూ వచ్చి రిజిస్టరులోకి తొంగి చూసింది. తన పేరు చూసుకుని, "సార్, రేపు కూడా పరుగు ఉంటుందా?" అని అడిగింది.

"ఉంటాది," అన్నాడు హెబ్రోను, కూతురి వైపు చూస్తూ. "లేకపోతే ఈ అక్క వచ్చి ఎందుకు లేదని అడుగుతాది."