తాళం వేసిన వాననీరు

"ఇది వాషింగ్ మెషీనా, సున్నపు బట్టీయా?"

యెర్కో మెషీన్ కడుపులోంచి హీటర్ కాయిల్‌ను బయటికి లాగి వెలుతురులోకి ఎత్తి పట్టాడు. లోహం కంటికి ఆనడం లేదు. సముద్రపు రాయికి గుల్లలు పట్టినట్టు దాని చుట్టూ తెల్లటి పెచ్చు వేలిలావున పేరుకొని ఉంది.

"రేపు వస్తానని చెప్పి వారం తర్వాత వచ్చావు. ఈలోగా అది ఇంకాస్త బలిసింది," అంది లాండ్రీ నడిపే టోంకా.

"పడవ ఆలస్యం. సామాను స్ప్లిట్ పట్నం నుంచి రావాలి కదా."

"పడవ రోజూ వస్తూనే ఉంది. నువ్వు రేవు దగ్గర కూర్చుని పేకాడటం కూడా చూశాను."

యెర్కో వంగి తలుపు రబ్బరు వాసన చూశాడు. "వెనిగర్ పోశావా?"

"సీసాడు."

"సున్నాన్ని చంపబోయి రబ్బరును చంపావు. నిమ్మ ఉప్పు వెయ్యమన్నాను కదా."

"అదీ వేశాను. రోగం పైపు నీళ్లలో ఉంటే మందు మెషీన్‌కి పోసి ఏం లాభం?"

యెర్కో కాయిల్ మీది పెచ్చును గోటితో గీకాడు. ఆమె వైపు చూడబోయిన చూపును మళ్లీ కాయిల్ మీదికే తెచ్చుకున్నాడు. ఓడల్లో ఇంజన్ల పని వదిలి అతడు ద్వీపానికి తిరిగివచ్చిన నాటినుంచి ఈ లాండ్రీ మెషీన్లు పాడవడమూ, అతడు రావడమూ, ఇద్దరూ పోట్లాడుకోవడమూ మామూలైపోయింది. పోట్లాట ముగిశాక వీధి మలుపు దాకా అతడు ఈల వేసుకుంటూ వెళ్లడాన్ని టోంకా గమనించింది. గమనించినట్టు ఒప్పుకొనే మనిషి మాత్రం కాదు.

కాని ఈసారి పరిహాసానికి తావు లేదు. ఊళ్లోకెల్లా పెద్ద గెస్ట్ హౌస్ యజమానురాలు ష్యోరా మాండా మొన్న వచ్చి, ఉతికినా సున్నంతో బిరుసెక్కిన తువ్వాలును టోంకా బల్లమీద నిలబెట్టింది. అది నిజంగానే నిలబడింది.

"దీంతో నా అతిథులు ఒళ్లు తుడుచుకోవాలా, పడవల అడుగు గీక్కోవాలా?" అని అడిగింది. "వేసవి మొదలయ్యేలోగా ఇవి మెత్తబడకపోతే నా బట్టలు స్ప్లిట్‌కు పంపుకుంటాను, అమ్మాయీ. తర్వాత నన్ననుకోవద్దు."

ఆ గిరాకీ పోతే లాండ్రీ మూతపడుతుంది. లాండ్రీ మూతపడితే జాగ్రెబ్ నగరంలో అక్క చూసిపెట్టిన ఉద్యోగానికి టోంకా వెళ్లక తప్పదు. ఈ సంగతి విన్నప్పుడు యెర్కో చేతిలో స్క్రూడ్రైవర్ ఒక్క క్షణం ఆగింది.

"వాననీళ్లయితే ఈ బాధే ఉండదు," అన్నాడు నోరు జారి.

ఇద్దరి చూపులూ కిటికీలోంచి పెరటి గోడ మీదికి వెళ్లాయి. టోంకా ఇంటికీ యెర్కో వాళ్ల నానమ్మ ఇంటికీ మధ్యనున్న గోడను ఆనుకొని రాతి ఒరలో నేలతొట్టి నోరు; దానిమీద ఇనుప మూత; మూతకు తాళంకప్ప.

పైపు నీళ్లు రాని కాలంలో రెండిళ్ల పైకప్పుల మీద కురిసిన వాన ఆ ఒక్క తొట్టిలోకే చేరేది. తొట్టి ఇద్దరిదీ. అందుకే కట్టడి కూడా ఇద్దరిదీ: నీళ్లు చెడకుండా ఏటా వానలకు ముందు ఎవరి పైకప్పు రాతిపలకలకు వారు సున్నం కొట్టాలి. ఒక ఏడాది టోంకా తాత షిమె తన వంతు కొట్టలేదు. కారణమూ చెప్పలేదు. ఆ శరత్కాలంలో తొట్టి నీళ్లు చెడి, పక్కింట్లో అందరికీ కడుపు పాడైంది. యెర్కో వాళ్ల నానమ్మ, నోనా దోబ్రిల, షిమె పైకప్పు నుంచి వచ్చే గొట్టానికి రాయి బిగించి, మూతకు తాళం వేసింది. షిమె పోయాడు. తాళం పోలేదు.

తప్పు చేసినవాడిని నిలదీయడం న్యాయం. వాడు పోయాక వాడి మనవరాలి దాహం మీద తాళం వేసి ఉంచడాన్ని ఏ పేరుతో పిలవాలో దోబ్రిల ఏనాడూ ఆలోచించలేదు.

"మీ నోనాను తాళంచెవి అడుగుతావా?" అంది టోంకా.

యెర్కో తల వంచుకొని కొత్త కాయిల్ బిగించాడు. పనిముట్లు సంచిలో వేసుకున్నాడు. ఈల వెయ్యకుండా వెళ్లాడు.

'వాళ్ల మనిషే కదా,' అనుకుంది టోంకా. ఆ అనుకోవడంలో కోపం కన్నా నొప్పి ఎక్కువగా ఉండటం ఆమెకే చిరాకు తెప్పించింది.

మర్నాడు పొద్దున ఆమె సున్నపు బాల్చీ, కుంచె పట్టుకొని తన పైకప్పు ఎక్కింది. సగం పలకలు తెల్లబడేసరికి పక్క పెరట్లో దోబ్రిల బయటికి వచ్చింది.

"సున్నం వానలకు ముందు కొడతారు, పిల్లా. వేసవికి ముందు కాదు."

"ఆలస్యమైంది, నోనా. చాలా ఏళ్లు ఆలస్యమైంది. అందుకే ఇంక ఆగలేదు."

దోబ్రిల ఏదో అనబోయింది. ఈలోగా వీధివైపు నుంచి మరో బాల్చీతో యెర్కో వచ్చాడు. టోంకా ఎక్కిన నిచ్చెనే ఎక్కడం మొదలుపెట్టాడు. నాలుగు మెట్లు బాగానే ఎక్కాడు. తర్వాత ఆగిపోయాడు. రెండు చేతులతో నిచ్చెనను కరచుకొని, కళ్లు మూసుకొని, బాల్చీలోని సున్నంకన్నా తెల్లగా అయిపోయాడు.

"ఏమైంది?" అంది టోంకా పైనుంచి.

"ఏం లేదు. గాలి పీలుస్తున్నాను."

"కళ్లు మూసుకునా?"

"ఓడ ఇంజన్ గది అడుగున ఉంటుంది, టోంకా. ఆ ఉద్యోగం ఊరికే ఎంచుకోలేదు. ఎత్తు నాకు పడదు." గొంతు తగ్గింది. "రాత్రి నోనాను అడిగాను. ఇవ్వనంది. కనీసం సున్నమైనా కొడదామని వచ్చాను."

టోంకా కుంచె కింద పెట్టింది. పలకల మీద పాకుతూ అంచుకు వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. "నన్ను చూడు. కిందికి చూడకు. మా దీదో తాత కూడా ఇలాగే అయ్యేవాడు."

"షిమెనా?" దోబ్రిల స్వరం గోడ అవతలనుంచి పదునుగా వచ్చింది. "ఆ మనిషి తుఫానులో పడవ నడిపాడు."

"సముద్రమంటే భయం లేదు, నోనా. నిచ్చెనంటే ఉంది. వయసు పైబడ్డాక తల తిరగడం మొదలైంది. ఆ ఏడాది మూడో మెట్టు మీద నుంచి పడ్డాడు. ఊరు నవ్వుతుందని, ఎవరికీ చెప్పొద్దని మా అమ్మతో ఒట్టు వేయించుకున్నాడు. అమ్మ నాకు చెప్పింది, ఆయన పోయాక."

దోబ్రిల మనవడి వంక చూసింది. నిచ్చెనకు అతుక్కుపోయిన ఆ మనిషిలో ఆమెకు మరో మనిషి కనిపించి ఉంటాడు.

"చెప్పవలసింది," అంది దోబ్రిల. "చెప్పి ఉంటే ఆ పైకప్పుకు నేనే కొట్టించేదాన్ని. చెప్పకపోవడం అతని తప్పు. అడగకపోవడం నాది. నీది ఏమీ లేదు. దిగండి ఇద్దరూ."

లోపలికి వెళ్లి తాళంచెవి తెచ్చింది. అది తుప్పు పట్టలేదు. తన కాఫీ నీళ్ల కోసం ఆమె రోజూ తిప్పుతూనే ఉంది మరి. మూత లేచింది. లోపల చల్లటి నల్లటి నీరు ఆకాశపు ముక్కను పట్టుకొని నిలిచి ఉంది.

ఆ వారమే యెర్కో తొట్టి నుంచి లాండ్రీకి చిన్న పంపు బిగించాడు. ష్యోరా మాండా తువ్వాలును మళ్లీ బల్లమీద నిలబెట్టబోయింది. అది ఆమె చేతిమీదనే వాలిపోయింది. "ఊఁ," అని చెంపకు ఆనించుకొని, రెండు మూటలు ఎక్కువే వదిలి వెళ్లింది.

సున్నం బాగా ఆరాక వాన వచ్చింది. తొలి వానను పైకప్పు కడగడానికి వదిలేశారు. రెండోది కురుస్తుండగా యెర్కో గొట్టంలోని రాయిని లాగేశాడు. తడిసి ముద్దై టోంకా చూరు కిందికి వచ్చి నిలబడ్డాడు.

"నాకు నష్టం చేశావు," అన్నాడు. "ఇక నీ మెషీన్లు పాడవవు. నేనేం వంక పెట్టుకొని రావాలి?"

"అంటే పడవ ఆలస్యమని చెప్పింది..."

"సామాను అదే రోజు వచ్చింది. ఒకేసారి బాగుచేసేస్తే మళ్లీ ఎప్పుడు పిలుస్తావోనని."

"ష్యోరా మాండా నా ప్రాణం తీస్తుంటే నువ్వు పేకాడావు."

"ఒక్క ఆటా గెలవలేదు."

టోంకా నవ్వు ఆపుకోవాలని చూసింది. ఆగలేదు. "బాగుచేయడానికి రావద్దు. ఊరికే రా. చెప్పిన రోజున రా."

"రేపు?"

"రేపంటే రేపే."

కిటికీ తెరిచి దోబ్రిల తల బయటపెట్టింది. ఆమె చెవులకు వయసు రాలేదు.

"కాఫీ చల్లారుతోంది, ఇద్దరూ రండి. యెర్కో, వచ్చే ఏడు ఆ పిల్ల రెండు పైకప్పులూ ఎక్కాలి, నువ్వు కింద నిచ్చెన పట్టుకోవాలి."

"రెండూ తనే ఎందుకు, నోనా?"

"రెండూ ఒకే ఇంటివైతే వంతులెక్కడివి?" అని ఆమె కిటికీ మూసింది.

తొట్టిలోకి రెండు పైకప్పుల నీరూ దిగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఏ ధార ఎటు నుంచి వస్తోందో ఇద్దరిలో ఎవరూ చెప్పలేకపోయారు.