బొంగరం తినని తిండి

"గిన్నె నాకినట్టు ఖాళీ చేస్తోంది డాక్టరుగారూ! అయినా ఇలా ఎండిపోతోంది," అన్నాడు నాన్న.

కుక్కల ఆసుపత్రి బల్ల మీద కుక్కపిల్ల బొంగరం పడుకుని ఉంది. తెచ్చిన కొత్తలో తన తోకను పట్టుకోబోయి గిరగిరా తిరిగేది, అందుకే ఆ పేరు. ఇప్పుడు తల ఎత్తడానికే ఓపిక లేదు పాపం.

గోడకు అతుక్కుని పిచ్చుక నిలబడి ఉంది. ఆ పిల్లకు అసలు పేరు వేరే ఉందిలెండి. ఎప్పుడూ కిచకిచమంటుందని ఇంట్లో అలా పిలుస్తారు. ఆ పూట మాత్రం ఆ నోటికి తాళం పడింది.

ఎందుకంటారా? గిన్నె ఖాళీ చేస్తున్నది బొంగరం కాదు. పిచ్చుకే!

ఒకరోజు కుక్కపిల్ల తిండి ముట్టకపోతే అమ్మ విసుక్కుంది. "పస్తులుండే కుక్కను నేను సాకలేనమ్మా. టైలరు అత్త ఇచ్చిందేగా, తిరిగి ఆవిడకే ఇచ్చేద్దాం." అమ్మ మాటవరసకు అంది. పిచ్చుకకు మాత్రం పైప్రాణాలు పైనే పోయాయి. అప్పటినుంచి ఎవరూ చూడకుండా ఆ తిండిని కాగితంలో చుట్టి వీధి చివర చెత్తడబ్బాలో పడేస్తోంది. రేపు తింటుందిలే అనుకునేది. ఆ రేపు రానేలేదు.

"అంత తింటూ చిక్కిపోతోందంటే కడుపులో పురుగులుండాలి. మందిస్తాను," అని డాక్టరమ్మ అలమార వైపు తిరిగింది.

అంతలో బొంగరం కాళ్ళు వణికాయి. కళ్ళు తేలేసింది.

"అమ్మో! చచ్చిపోతుందా?" పిచ్చుక గొంతు పెగిలింది. "అది తినట్లేదు! నేనే పారేశాను! అంతా నేనే!"

"ఎంత పని చేశావే!" అన్నాడు నాన్న.

"తిట్లు తర్వాత," అంది డాక్టరమ్మ. "ఎప్పటినుంచి తినట్లేదమ్మా? దాచకుండా చెప్పు."

పిచ్చుక వెక్కుతూనే అంతా చెప్పింది. డాక్టరమ్మ బొంగరానికి సెలైన్ ఎక్కించి, రక్తం తీసి పరీక్షకు పంపింది. రిపోర్టు వచ్చేదాకా పిచ్చుకకు ముద్ద దిగితే ఒట్టు.

"ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు," అంది డాక్టరమ్మ మర్నాడు. "తిండిలో ఉండే ఒక విటమిన్‌ను దీని పేగు లోపలికి తీసుకోలేకపోతోంది. అందుకే ఆకలి చచ్చిపోయింది. ఇంజెక్షన్లు ఇస్తే లేచి తిరుగుతుంది. బతికినన్నాళ్ళూ ఇవ్వాలి మరి."

"నావల్ల వచ్చిందా?" అడిగింది పిచ్చుక.

"కాదు. దాచడంవల్ల ముదిరింది, అంతే."

"అత్త దగ్గరున్న దీని అమ్మా నాన్నా దుక్కల్లా ఉన్నాయిగా?"

"ఒక గదిలో రెండు దీపాలున్నాయనుకో. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ఒకటి ఆరిపోయినా రెండోది వెలుగుతుంటే ఎవరికీ తెలీదు. దీని అమ్మానాన్నలవి అలాంటి గదులే. ఇద్దరి దగ్గర్నుంచీ ఆరిన దీపాలే దీనికి వచ్చాయి. గదంతా చీకటైపోయింది." డాక్టరమ్మ ఆగి అడిగింది. "దీని తోడబుట్టినవి ఉన్నాయా? వాటికీ రావచ్చు."

ఉంది. ఒకదాన్ని టైలరు అత్తే ఉంచుకుంది.

పిచ్చుక నాన్న వంక చూసింది. అత్త నాలుక ఆవిడ కత్తెరకంటే పదును. నా కుక్కలకే వంక పెడతావా అని బొంగరాన్ని లాక్కుంటే?

"నేను ఫోన్ చేస్తాలే," అన్నాడు నాన్న.

"ఫోన్లో అత్త నమ్మదు నాన్నా. నేనే వెళ్తా."

అత్త దుకాణంలో మిషను గడగడలాడుతోంది. గుడ్డపేలికల కుప్ప మీద, అచ్చం బొంగరంలాంటి పిల్ల ముడుచుకుని పడుకుంది.

"రావే పిచ్చుకా! చూడు, పిల్లంటే ఇలా ఉండాలి. అల్లరి లేదు, గోల లేదు. రోజంతా కిక్కురుమనదు!" అంది అత్త.

కుర్చీ పక్కనే గిన్నె ఉంది. నిండుగా ఉంది. పైన తిండి ఎండి అట్టకట్టింది. పిచ్చుకకు వెనక్కి పరిగెత్తాలనిపించింది. కానీ వంగి, గిన్నెను రెండు చేతులా ఎత్తి అత్త ముందు బల్ల మీద పెట్టింది.

"తిట్టినా సరే అత్తా. ఇది బుద్ధిగా లేదు, జబ్బుతో ఉంది. పెట్టింది పెట్టినట్టే ఉంది, చూడండి. మా బొంగరానికీ ఇంతే. నేను చెప్పకుండా దాచా. చచ్చిపోయేదే."

మిషను ఆగింది. అత్త గిన్నె వంక చూసింది. పేలికల మీద పిల్ల వంక చూసింది. ఒళ్ళోని బట్ట జారి కింద పడింది.

"ఆ డాక్టరమ్మ ఎక్కడుంటుందే?" అంది, కాళ్ళతో చెప్పులు వెతుక్కుంటూ.