రెండు ఊపిరికాపులు

తెల్లవారగానే అప్పలనరసయ్య గొంతు కింది ఊపిరికాపు చల్లగా పలికింది: "రాత్రంతా ఒక్కసారి కూడా ఊపిరి ఆగలేదు. శుభం." ఆ మాట వినకుండా ఈ కాలంలో ఎవరూ పళ్లు తోముకోరు. నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగితే రక్తపోటు పెరిగి పక్షవాతం దాకా పోవచ్చని, ఆరోగ్యమండలి మనిషికొక ఊపిరికాపు పట్టీ పంచింది. గొంతు మూసుకుపోబోతే అది కండరాన్ని మెల్లగా మీటి దారి తెరుస్తుంది. విజయనగరంలో ఇప్పుడు గురక అన్నదే వినపడదు.

"సూసినావేటి, పసిగుంటడిలాగ తొంగున్నాను," అని అతను భార్య దగ్గర గొప్పలు పోయాడు.

పైడమ్మ నవ్వబోయింది. మూతి ఒక పక్కకే కదిలింది. చేతిలోని టీ గ్లాసు జారి పడింది.

ఆస్పత్రిలో గంటలోపే మందు ఎక్కించారు. ఎనిమిది నెలలుగా అంత చక్కగా నిద్రపోతున్న మనిషికి పక్షవాతం ఎలా వచ్చిందో డాక్టర్ నస్రీన్‌కు అంతుపట్టలేదు. అనుమానమొచ్చి, పైడమ్మ పట్టీ రాసిపెట్టిన నిద్రచిట్టా పక్కన భర్త చిట్టా పెట్టి చూసింది. ఊపిరికి ఊపిరి అచ్చు ఒకటే.

"అమ్మా, మీ పట్టీ ఎవరికి పెడుతున్నారు?"

పైడమ్మ నాలుక తడబడింది. "ఈయనకే. ఒకటి పాడైతే రెండోది ఉంటాదని... తొంగున్నాక కట్టి, లెగకముందే తీసీదాన్ని."

"మరి మీ నిద్ర?"

"ముప్పై ఏళ్లు, గురక ఆగితే లేపీదాన్ని డాక్టరమ్మా. ఇప్పుడు గురకే లేదు. బతికున్నాడో లేదో ఎలాగ తెలుస్తాది? ముక్కు కాడ ఏలెట్టి కూకుండీదాన్ని."

ఊపిరికాపు చేసినవాళ్లు గొంతులోని ప్రతి కండరాన్నీ ఆలోచించారు, పక్కన పడుకునే మనిషిని మాత్రం మరిచారు. అప్పలనరసయ్య తలుపు చాటుకు వెళ్లి ఏడ్చాడు. పైడమ్మకు పడిపోయిన చెయ్యి మళ్లీ వస్తుందని డాక్టరు ధైర్యం చెప్పింది. కానీ కంటినిండా నిద్రపోకపోతే మరోసారి రావచ్చు, ఇవాళ నిద్రమాత్ర ఇవ్వడానికీ లేదు.

మధ్యాహ్నమైనా పైడమ్మ రెప్ప వేయలేదు. అతను స్టూలు దగ్గరికి లాక్కుని, ఆమె చెయ్యి పట్టుకుని, కళ్లు మూసి, మెలకువగానే గురక పెట్టడం మొదలుపెట్టాడు. పక్క మంచాలవాళ్లు వింతగా చూశారు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి, అయినా మానలేదు. కాసేపటికి ఆమె వేళ్లు సడలాయి.

సాయంత్రం నర్సు వచ్చి, "బాబూ, నిద్రపోయింది కదా. గొంతెండిపోతాది, మంచినీళ్లు తాగండి," అంది.

ఆగితే ఆమె లేస్తుంది. అతను గురక ఆపకుండానే తల అడ్డంగా ఊపాడు.