భుజం మీద చెయ్యి

ఆ ఫర్నిచర్ షాపు కింది నేలమాళిగకి చెడ్డపేరుంది. చీకటి పడ్డాక దిగితే వెనకనుంచి భుజం మీద చెయ్యి పడుతుందని చెప్పుకుంటారు. తొయ్యదు, లాగదు — ఊరికే పడి, అలాగే ఉండిపోతుందట. నా మీద పడిందని చెప్పినవాడు మాత్రం ఎవడూ ఎదురుపడలేదు. అయినా షాపువాళ్ళు పరుపులు కూడా అక్కడ పెట్టరు. అద్దె లేకుండా పడుకోడానికి ఎవరో ఉన్నారుగా అని వాచ్‌మన్ వేళాకోళమాడతాడు గాని, తనూ పైమెట్టు దాటడు.

ఒకప్పుడు అక్కడ ఒక రాక్ బ్యాండు సాధన చేసేది. చప్పుడు బయటికి పోకుండా గోడలకి అంటించిన కోడిగుడ్ల అట్టలు ఇంకా ఉన్నాయి. బ్యాండు పెట్టినవాడు గిటారిస్టు. దానికోసం ఇల్లు వదిలాడు. తల్లి పోయిన రోజు కూడా కచేరీ మానలేదు. తీరా పేరొచ్చాక గాయకుడు అతన్నే బయటికి నెట్టాడు. ఆ తర్వాత కూడా టికెట్టు కొనుక్కుని వెనక వరసలో కూర్చునేవాడట.

నిరుడు పోయాడు. చచ్చినవాడి కళ్ళు చారెడు. గాయకుడికి అతను ఉన్నట్టుండి తోడబుట్టినవాడయ్యాడు. జ్ఞాపకార్థం పాతకాలపు టీషర్టులు అచ్చయ్యాయి — కొత్త గుడ్డనే రాయితో రుద్ది, వెలిసినట్టు చేసి. నేలమాళిగని స్మారక గదిగా మారుస్తానన్నాడు. దెయ్యం పుకారు ఉంటే జనం ఇంకా వస్తారని నవ్వాడు కూడా.

గిటారిస్టు చెల్లెలు టీషర్టు కోసం రాలేదు. ఆ చెయ్యి సంగతి విని వచ్చింది. ఇల్లు విడిచాక అన్న మళ్ళీ ఆమె మొహం చూడలేదు.

"పడితే పడనీ. మా అన్నయ్య చెయ్యేగా," అంది.

వాచ్‌మన్ టార్చి ఇచ్చాడు. తలుపు తీసే ఉంచుతాను గాని పిలిస్తే మాత్రం రానని ముందే చెప్పేశాడు.

కింద చెమ్మ వాసన. ఎదురుగోడకి పాత పోస్టరు. నలుగురుండాల్సిన చోట ముగ్గురు. అన్నని బ్లేడుతో కోసేశారు... గాయకుడి భుజం మీద చెయ్యి మాత్రం మిగిలింది, మణికట్టు దాకా. దాన్నీ తీసెయ్యాలంటే గాయకుణ్ణే కొయ్యాలి మరి.

టార్చి ఆర్పింది. భుజం మీది జుట్టు పక్కకి తోసుకుంది.

"అన్నయ్యా... నేనే."

ఎక్కడో నీటిచుక్క పడింది. ఇంకేమీ పడలేదు. కాళ్ళు లాగేదాకా అలాగే నిలబడింది...

మెట్ల మీద అడుగుల చప్పుడు. గాయకుడు. ఆవిడ కింద ఉందని వాచ్‌మన్ చెప్పినట్టున్నాడు, టీషర్టుల పెట్టె మోసుకుంటూ, ఏదో పరామర్శగా మాట్లాడుతూ దిగాడు. గది మధ్యకి వచ్చి, చటుక్కున ఆగాడు.

పెట్టె జారి పడింది.

"ఆటలొద్దమ్మా," అన్నాడు నెమ్మదిగా. "చెయ్యి తియ్యి."

ఆమె టార్చి వేసింది — ఎదురుగోడ దగ్గరనుంచి. అతని వెనక ఎవరూ లేరు. కానీ ఎడమ భుజం మీద చొక్కా నొక్కుకుపోయి ఉంది. నాలుగు వేళ్ళ మేర.

ఆమె వెళ్ళి, అతని భుజానికి తన భుజం ఆనించి నిలబడింది. చెయ్యి తన మీదికి వస్తుందేమోనని చూసింది. ఆ నొక్కు కదల్లేదు.

"తియ్యమని చెప్పమ్మా... నీ మాట వింటాడు."

"అమ్మ పోయిన రోజే తియ్యలేదు," అందామె.

టార్చి ఆర్పి, మెట్లెక్కి వెళ్ళిపోయింది.