వాన తగిలిన సీసా

"రేపు భూపాలపల్లిల నేను మాట్లాడాలె. నువ్వు ఇయ్యాల చెప్తున్నవా ఈ ముచ్చట?"

ప్రవళిక సీసాను బల్ల మీద టక్కున పెట్టింది. వేణు తల ఎత్తలేదు.

జనగామ కాలేజీ ల్యాబులో ఇద్దరూ రెండేండ్ల సంది పెరోవ్‌స్కైట్ అనే రకం స్ఫటికాల పొడులు చేస్తున్నారు. పది రోజుల కింద ఈ సీసాలోని తెల్లపొడి మీద యూవీ టార్చి వేస్తే ఆకుపచ్చగా మెరిసింది. వెలుగు ఈ పొడిదే అని ప్రవళిక తేల్చేసింది. రేపు సెమినార్‌లో చెప్పబోయేది అదే. బిడ్డ మైకులో మాట్లాడుతుంటే చూస్తానని తల్లి దుర్గమ్మ కూలి మానుకొని మహబూబాబాద్ నుంచి వస్తోంది.

"సీసాల వాన నీళ్లు పడ్డయా? మూత తీసి ఎక్కడ నిలబడ్డవ్?"

"కిటికీ కాడ. నువ్వు చున్నీ నెత్తి మీద కప్పుకొని వానల ఉరుకుతున్నవ్. చూసుకుంట ఉండిపోయిన. జల్లు సీసాల పడ్డది."

"పది రోజులు నోట్ల ఏం పెట్టుకున్నవ్?"

"గా మెరుపు చూసినకాన్నుంచి రోజు నవ్వుకుంట వస్తున్నవ్. చాయ్ల సగం నాకిస్తున్నవ్. చెప్తే గదంత పోతదని..."

అట్లా దాచడాన్ని ప్రేమ అనుకున్నాడు వేణు. ఉత్త పిరికితనం అది.

"నా మాట తీరుకే ఎక్కిరించేటోళ్లున్నరు అక్కడ. తప్పు చెప్తే వదులుతుండిరా? మా అవ్వ ముంగట నవ్వుతుండిరి!"

"గందుకే చెప్పిన. తిట్టు. నాతోటి మాట్లాడకు. కని వెలుగు ఈ పొడిదే అన్న మాట మాత్రం అక్కడ చెప్పకు."

ప్రవళిక కొత్తగా చేసిన పొడి తీసింది. తడి తగలనిది. టార్చి వేసింది. ఏమీ లేదు. ఒక్క నీటిచుక్క వేసి ఆగింది. మెల్లగా ఆకుపచ్చ వెలుగు లేచింది.

కోపం మర్చిపోయి వంగి చూసింది.

"వెలుగు తెల్లపొడిది కాదు వేణు. తడి తగిలి లోపల వేరే స్ఫటికాలు పుట్టినయ్. కంటికి ఆననంత చిన్నయి. మెరిసేది అవి."

"మరి రేపు?"

"గిదే చెప్త. మొదలు నేననుకున్నది తప్పని కూడ చెప్త. నువ్వు కూడ రా. మూత ఎవరు తీసిండ్రంటే లేచి నిలబడు."

"జల్లు పడంగ కండ్లు ఎటు పోయినయని అడిగితే?"

ఆమె చాయ్ రెండు గ్లాసుల్లో పోసి ఒకటి అతని ముందుకు జరిపింది.

"గది కూడ చెప్పు. మా అవ్వ ముందు వరుసలనే కూసుంటది."