అయిదో వరస

"పదకొండుకి తొలి రైలు కొత్త వంతెన ఎక్కుతుంది. ఏదో ఒక స్తంభం మీద బాంబు ఉంది. ఇప్పుడు పది దాటింది" అన్నాడు చీఫ్ ప్యో, పంది మాంసం పులుసులో అన్నం కలుపుకుంటూ.

పుసాన్ రేవు పక్కన చిన్న హోటల్. ఎదురుగా ఏజెంట్ గిథే, వంతెనకి రంగులేసే కూలీ వేషంలో.

"రైలు ఆపించండి."

"ఆపామని తెలిస్తే రిమోట్ నొక్కేస్తారు. పైన ప్రారంభోత్సవానికొచ్చిన జనం నాలుగు వందల మంది. ఒక్క రంగుల కూలీ ఒక్క స్తంభం ఎక్కితే ఎవరూ పట్టించుకోరు. ఆరు స్తంభాల్లో ఏదో నువ్వే చెప్పాలి."

చీఫ్ ఒక లిప్‌స్టిక్ గొట్టం దొర్లించాడు. లోపల చుట్టిన కాగితం.

"సొల్‌హ్వా పంపింది."

గిథేకి ఒళ్ళు మండింది. కాలేజీలో ఆమె ఫస్టు, తను సెకండు. ఈ గూఢచారి ఏజెన్సీలోనూ అంతే. రెండేళ్ళ కిందట ఏజెన్సీ పంపగా విదేశీ ముఠాలో ఇంజనీరుగా చేరి, ఖరీదైన మింక్ బొచ్చుకోటు తొడుక్కుని కార్లలో తిరుగుతోంది. రెండు వైపులా జీతం పుచ్చుకుంటోందని పుకారు. ఆ పుకారంటే గిథేకి ప్రాణం.

"సందేశమేమీ లేదయ్యా, వట్టి లెక్క. ఆమె రాసే ప్రతి ముక్కా వాళ్ళు చదువుతారు. వాళ్ళకి అర్థం కానిది ఇదొక్కటే."

ఫ్లెక్సిబిలిటీ మాట్రిక్స్. మధ్యనున్న ఆరు స్తంభాలనూ కాగితం మీద తీసేసింది. ఒక్కోచోట ఒక టన్ను బరువు పెట్టి, మిగతా చోట్ల దూలం ఎంత కుంగుతుందో ఆరు వరసల్లో రాసింది. రెండో చోట టన్ను పెడితే అయిదో చోట ఎంత కుంగుతుందో, అయిదో చోట పెడితే రెండో చోటా అంతే కుంగాలి. కానీ ఇక్కడ రెండంకెలూ కలవలేదు.

గిథే మొహం వెలిగిపోయింది.

"తప్పు! చీఫ్, తప్పు చేసింది!"

"తప్పుడు లెక్క పంపిందంటే అమ్ముడుపోయిందన్నమాట. మధ్యాహ్నం ఆమె కోసం పంపే పడవ ఆపేస్తాను."

పడవ రాకపోతే ముఠా ఆమెను బతకనివ్వదు. గిథే ఔననబోయాడు. పదిహేనేళ్ళుగా ఆమె కాగితాల్లో ఒక్క తప్పు కోసం కళ్ళల్లో వత్తులేసుకుని వెతికినవాడు. ఏనాడూ దొరకలేదు. ఇవాళ ఇంత సులువుగా ఎలా దొరికింది?

మళ్ళీ చూశాడు. కలవనివన్నీ అయిదో వరసలోవే. మిగతా అంకెలు అద్దంలో బొమ్మల్లా సరిపోయాయి.

"పడవ పంపండి" అన్నాడు, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "అది తప్పు కాదు. అయిదో స్తంభం."

పది యాభై ఎనిమిదికి రంగుల డబ్బాతో అయిదో స్తంభం మీదికి పాకాడు. దూలం కింద, దాన్ని మోసే బేరింగు పక్కన, తీగలు బయటికొచ్చిన టిఫిను డబ్బా. రైలు కూత వినిపించింది. బ్రష్షు పిడిలోంచి కత్తెర లాగి ఎర్ర తీగ కత్తిరించాడు. నెత్తిమీద రైలు దడదడలాడుతూ వెళ్ళిపోయింది. పైన చప్పట్లు.

మధ్యాహ్నం రేవులో సొల్‌హ్వా పడవ దిగింది. మింక్ కోటు నిండా ఉప్పునీళ్ళు. అప్పటికీ అందంగానే ఉంది.

"నా లెక్కలో తప్పు పట్టడానికి నిన్ను మించినవాడు లేడని తెలుసు. అందుకే అది నీకోసమే రాశాను."

"పట్టాగా."

"అయిదో వరస సరేలే. మూడో వరసలో రెండోది పట్టలేదా?"

"అందులో ఏముంది?"

"ఏం లేదులే, బాబూ" అని నవ్వుతూ కారెక్కింది.

ఏమీ లేదని గిథేకీ తెలుసు. ఆ కాగితం మాత్రం వారం రోజులుగా అతని జేబులోనే ఉంది.